బుగులన్న పెట్టిన తలుపు

నిన్న పగటీలి జాకిటికి చేతులు కుడ్తున్న, ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి ఎవరో ఆడపిల్ల.

"అక్కా, మీ రక్తం లిస్టుల బి నెగటివ్ అని కొడ్తే మొదలు వచ్చే నంబరు స్విచాఫ్ వస్తున్నదక్కా. పదిసార్లు చేసిన. మా అమ్మను ఆపరేషన్‌కు లోపటికి తీస్కపోతరట. పేజీ కింద మీ నంబరుంటే చేస్తున్న."

పదిసార్లు! అంత ఆపతిల ఉన్న పిల్ల పదిసార్లు చేసిందంటే ఎంత టైం పోయి ఉంటది? "ఆ నంబరు ఇడిసిపెట్టు బిడ్డా, రెండోది కొట్టు," అన్న. రెండో ఆయన దొరికిండు, పోయి రక్తమిచ్చిండు, వాళ్లమ్మ బయట పడ్డది. ఆ సంగతి సాయంత్రం ఆ పిల్లనే మల్ల చేసి చెప్పింది. కని ఫోన్ పెట్టేసినంక నాకు మిషిన్ మీద కాలు ఆడలే. స్విచాఫ్ వచ్చిన ఆ మొదటి నంబరు మా బుగులన్నది. ఆయన పోయి ఆరు రోజులు.

బుగులంటే మా దిక్కు భయం. ఆ పేరు పెట్టింది నేనే. ముఖం మీదనే పిలిచేదాన్ని, ఆయన నవ్వేటోడు. "నిజమే గద చెల్లె," అనేటోడు. కుక్కంటే బుగులు, ఉరుమంటే బుగులు. బస్సు మెట్ల మీద ఎవడన్న పోరగాడు ఏలాడితే లోపట సీట్ల కూసున్న ఈయనకు బుగులు. ఒకపారి గూడూరు కాడ మా తండకు వచ్చిండు. మా కుక్కలు రెండు మొరిగినయ్, అంతే. ఆటో దిగకుండ సీటు మీద చెప్పులతోని నిలబడ్డడు! తల సగం నెరిసిన మనిషి, శావుకారింట్ల పుట్టినోడు, గట్ల వంగి నిలబడి "చెల్లె, జర వాటికి చెప్పు," అంటడు. మా యాడి, అంటే మా అమ్మ, నవ్వు ఆపలేక కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆయనది తొర్రూరు. అన్నదమ్ములు కింద దుకాణం నడిపేటోళ్లు, ఈయన మీది అర్రల మిరపకాయ బస్తాల నడుమ పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకొని కూసునేటోడు. ఆ అర్రల అడుగు పెడ్తే తుమ్ములే తుమ్ములు. ఆయన ముక్కుకు దస్తీ కట్టుకునేటోడు, వచ్చినోళ్లకు గూడ ఒకటి ఇచ్చేటోడు. కంప్యూటర్‌కు ఒకపక్క రేకు లేదు, లోపటి వైర్లన్ని కనపడేటియి. ఎలుకలు కొరుకుతయేమోనని బుగులు, దుమ్ము పడుతదేమోనని బుగులు. వాళ్లమ్మ పాత చీర ముక్క దాని మీద కప్పి ఉంచేటోడు. ఉరిమిందంటే చాలు, గోడల ప్లగ్గు పీకి బ్యాటరీ మీద నడిపిచ్చేటోడు. దాన్ని నేను డబ్బ అంటుండె. ఆయన సర్వర్ అంటుండె.

జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాలల్ల అడిగితే రక్తమిచ్చేటోళ్ల పేర్లు ఆ డబ్బల ఉంటయ్. పేరు, ఊరు, గ్రూపు, నంబరు, ఆఖరుకు ఎన్నడు ఇచ్చిండు. గంతే. గంతే అంటున్న గని, నా బిడ్డ పానం దాంట్లనే ఉన్నది. నా బిడ్డకు తలసేమియా. ఒంట్ల రక్తం నిలువదు. మూడు వారాలకు ఒకపారి ఎక్కియ్యాలె, లేకుంటే మొఖం తెల్లగయ్యి, మెట్టు ఎక్కలేక కూలబడ్తది. అండ్ల గ్రూపు బి నెగటివ్. అది దొరకాల్నంటే చుక్కలు కనపడ్తయ్.

బుగులన్నను మొదలు చూసింది మానుకోటల, రక్తం ఎక్కిచ్చేకాడ గేటు బయట ఛాయ్ కొట్టు దగ్గర. ఆ రోజు గా గ్రూపు లేదని లోపట చెప్పిన్రు. బిడ్డను ఒళ్లె పండవెట్టుకొని ఏడుస్తున్న. పక్కన ఛాయ్ తాగుతున్న బక్క మనిషి "ఏం గ్రూపమ్మా?" అని అడిగిండు. బి నెగటివ్ అన్న. ఆయన చేతుల ఛాయ్ అంగీ మీద ఒలికింది. ముఖం పక్కకు తిప్పుకొని, జేబుల నుంచి ఫోన్ తీసి నా చేతుల పెట్టి, "ఈడ కొట్టు," అన్నడు. తెల్ల పేజీ. బొమ్మల్లేవు, రంగుల్లేవు. గ్రూపు కొట్టంగనే రెప్పపాటుల పేర్లు వచ్చినయ్. మూడో పేరాయన గంటన్నరల బండేసుకొని వచ్చిండు.

అప్పటి సంది ఆయన నాకు అన్న. బిడ్డను తోల్కపోయినప్పుడల్ల ఆ గేటు దాక వచ్చేటోడు, లోపటికి మాత్రం వచ్చేటోడు కాదు. "లోపటికి రారాదే అన్నా," అంటే "ఆ వాసన నాకు పడదు," అనేటోడు. నీది ఏం గ్రూపే అని ఒకపారి అడిగిన. "నా సంగతి ఇడిసిపెట్టు," అని ఛాయ్‌కు చెప్పిండు. ఏమో, శావుకార్లింట్ల రక్తం ఇయ్యరేమో అనుకొని ఊకున్న.

డబ్బ సంగతి నాకు ఎట్ల సమజు చేసిండంటే, "చెల్లె, నీ ఫోన్ల బ్రౌజర్ ఉంటది, అది అడుగుతది. ఈడ డేటాబేస్ ఉంటది, అది చెప్తది. నడుమ నేను రాసిన సర్వర్ ఒక్క తలుపు. తెరుస్తది, మూస్తది. ఇంకెవ్వడుండడు." ఆ తలుపు మొత్తం తనే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని రాసిండు. ఎందుకంత సన్నగ చేసినవంటే, కాటారం అవుతల అడివంచు ఊర్లల్ల ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ ఉంటది, అక్కడ గూడ తెరుచుకోవాలె అనేటోడు.

వరంగల్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు. "సార్, గిట్ల ఎవ్వరు చెయ్యరు. నడుమ ఇంకో నాలుగు మెట్లు పెట్టాలె. బ్రౌజర్‌ను సీదా డేటాబేస్ కాడికి తోల్కపోతే ఎట్ల?" అన్నడు. బుగులన్న దస్తీ జరిపి, "బాబూ, మా నాయిన మార్కెట్ల ఆడ్తి. రైతుకు, కొనేటోనికి నడుమ జన్మంత కూసున్నడు. నడుమ కూసున్నోడు ఏం చేస్తడో నాకు చెప్పకు," అన్నడు. ఆ పిల్లగాడు పోయినంక మాత్రం ఆయన మొఖం పాలిపోయింది. "వాడు చెప్పింది గూడ నిజమే చెల్లె," అని గొణిగిండు. "నడుమ ఎవ్వడు లేకుంటే, మనం తప్పు చేసిననాడు ఆగు అనేటోడు గూడ ఉండడు." నేను నవ్విన. ఇంత బుగులు పెట్టుకొని ఎట్ల బతుకుతున్నవే అన్న.

గందుకే ఆయన ఎంటర్ కొట్టుడు చూడాలె. రాసింది గట్టిగ చదివేటోడు, తెర మీద ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, బడి పిల్లగాని లెక్క. తర్వాత రెండు చేతులు పైకి లేపి అంగీకి తుడుసుకునేటోడు. "ఒకటి, రెండు, మూడు," అని లెక్కబెట్టి, కండ్లు మూసుకొని, ఒక్క వేలుతోని కొట్టేటోడు. ఎన్నివేలసార్లు కొట్టిండో, ప్రతిసారి గంతే. కింద అన్నదమ్ములకు ఆ లెక్క వినపడేది, "మావోడు బాంబు పేలుస్తున్నడు," అని గిరాకీలతోని నవ్వేటోళ్లు.

ఇంకొకటి పసుపు డబ్బి. ప్రతి సోమారం లిస్టు మొత్తం చిటికెన వేలు గోరంత కార్డుల ఎక్కిచ్చి, ఆ కార్డును ఉత్త పసుపు డబ్బిల పెట్టి, జనగామల ఉన్న వాళ్లక్కకు బస్సుల పంపేటోడు. పోయిన వారం డబ్బి మల్ల వాపసు వచ్చేది. ఇల్లు కాలిపోతే? వరదొస్తే? అందరం ఒక్కపారే సస్తే? "అందరం సస్తే లిస్టు ఎవనికే!" అని వాళ్లక్క ఫోన్ల తిట్టేది. తిట్టుకుంటనే పోపుల పెట్టె పక్కన దాచేది.

ఇగ నేను చేసిన పని చెప్తా.

గూడూరు దిక్కు పేర్లు చూసుకోమని నాకు ఒక తాళం ఇచ్చిండు, అంటే పాస్‌వర్డు. కొత్త పేర్లు ఎక్కియ్యొచ్చు, తీసెయ్యొచ్చు. పోయినేడు వానాకాలంల కాటారం నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. వాళ్లాయన డ్రైవరు, మా లిస్టుల ఉన్నడు, నా బిడ్డకు గూడ ఒకపారి ఇచ్చిండు. పోయి ఐదు రోజులైంది. ఎవరో తెల్వక రక్తం కావాలెనని ఆయన నంబరుకే చేసిన్రట. "అక్కా, ఏడ్సుకుంట చెప్పిన వాళ్లకు. ఇంకెవ్వరు చెయ్యకుండ ఆ పేరు తియ్యక్కా," అన్నది. సిగ్గుతోని సచ్చిపోయిన. ఎంబడే ఫోన్ల పేజీ తెరిచిన.

పేరు రాసే గడి ఒకటి, ఊరు రాసే గడి ఒకటి, కింద "తీసెయ్" అని. పేరు గడిల వేలు పెట్టిన, రాయబుద్ధి కాలే. మా యాడి నన్ను గట్ల పెంచింది. పోయినోళ్ల పేరు దినాలయ్యేదాక నోట్లె తియ్యొద్దు, రాయొద్దు, రాస్తే పోతున్నోళ్లు ఆగి ఎనుకకు చూస్తరు. అండ్ల తీసెయ్ అనే మాట మీద ఆయన పేరు రాసుడా? చెయ్యి రాలే. కాటారంల మాకు ఆయన ఒక్కడే గద, ఊరు రాస్తే సాలు అనుకున్న. పేరు గడి కాలిగ ఉంచి, కాటారం అని రాసి, నొక్కిన.

లిస్టు తెరిచి చూస్తే తెల్లగున్నది.

మల్ల తెరిచిన. తెల్లగున్నది. ఏ గ్రూపు కొట్టినా, ఏ ఊరు కొట్టినా ఒక్క పేరు లేదు. తర్వాత బుగులన్న చెప్తే తెలిసింది, ఆ ఊరు గడి ఊకె చూసుకునేతందుకే ఉన్నదట, సర్వర్ దాన్ని పట్టిచ్చుకోదట. పేరు ఒక్కటే చూస్తదట. పేరు కాలిగ ఉంటే దానికి అందరు ఒక్కటేనట. మూడు జిల్లాల మనుషులను నా బొటనవేలుతోని తుడిచేసిన. తెల్లారితే నా బిడ్డకు రక్తం ఎక్కిచ్చే వంతు. బిడ్డ గడప కాడ కూసొని "యాడీ, కాళ్లు గుంజుతున్నయ్," అంటున్నది.

నా ఫోన్ల దాసుకున్న నంబర్లు రెండే. ఒకాయన ఇచ్చి మూడు నెలలు కాలే. ఇంకొకాయన ముంబై పోయిండు. బుగులన్నకు ఫోన్ చెయ్యాల్నని నంబరు తీసిన, మల్ల మూసిన. ఎట్ల చెప్పాలె? ఆ మనిషి గుండె ఆగిపోతదేమో! చెప్తా, చెప్తా అనుకుంటనే పొద్దు గూకింది. పొద్దుగాల మొదటి బస్సుకే ఎక్కి తొర్రూరుల దిగిన.

నన్ను చూడంగనే దస్తీ ఇయ్యబోయిండు. నేను తీసుకోలే. నిలబడే చెప్పిన, ఒక్క ముక్క దాచకుంట. తిడ్తడనుకున్న, కనీసం ఏడుస్తడనుకున్న. తిట్టలే. కుర్చీల మెల్లగ కూసొని, "ఎన్ని గంటలకు?" అన్నడు.

"నిన్న పగటీలి."

"సర్వర్ రోజు సాయంత్రం ఆరుకు దాని నకలు అదే తీసుకుంటది," అన్నడు. "నిన్న కాలి లిస్టు నకలే తీసుకున్నది. పాత నకలు మీద రాసుకున్నది. నువ్వు నిన్ననే..." అని ఆగిండు. ఆ మాట పూర్తి చెయ్యలే, ఎన్నడు చెయ్యలే. ఫోన్ తీసి జనగామకు చేసిండు. "అక్కా, పసుపు డబ్బి. సోమారంది. ఎంబడే బస్సుల ఎయ్యి." అవుతల నుంచి ఈసారి తిట్టు వినపడలే.

ఆ బస్సు తొర్రూరు వచ్చేసరికి పగలు దాటుతది. డబ్బిల కార్డు మంచిగున్నదో లేదో ఎవరికెరుక. నాకు ఆగలే. "అన్నా, బిడ్డకు ఇయ్యాలనే. పొద్దుగాల లేవలేకపోయింది. మా యాడి మానుకోటకు తోల్కపోతాంది. రక్తం యాడికెళ్లి తేవాలె?" అని కింద కూలబడ్డ.

బుగులన్న కంప్యూటర్ దిక్కు చూసిండు. రెండు చేతులు పైకి లేపిండు. అంగీకి తుడుసుకున్నడు. నాకేం సమజ్ కాలే, తెర మీద ఏం లేదు గద, ఏం కొడ్తడు ఈయన అనుకున్న. "ఒకటి, రెండు, మూడు," అన్నడు. కండ్లు మూసుకొని, "నాది గూడ గదే గ్రూపు చెల్లె," అన్నడు.

నాకు మొదలు కోపమొచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలె, గింత కోపం నాకు మా ఇంటాయన మీద గూడ రాలే. నేను బిడ్డను ఒళ్లె ఏసుకొని ఏడ్సిననాడు పక్కన్నే ఛాయ్ తాగుతున్నడు ఈయన! "ఇన్నేండ్ల సంది?" అని లేసి అరిచిన. "నీ నరాలల్ల పెట్టుకొని, ఊరోళ్ల నంబర్లు నాకిచ్చినవా? నువ్వు మనిషివేనా?" కింద దుకాణంల మాటలు ఆగిపోయినయ్.

"సూదంటే బుగులు," అన్నడు. "చిన్నప్పుడు సూది చూసి పడిపోయిన, పన్ను ఇరిగింది. ఆ గేటు కాడికి ఎన్నిసార్లు వచ్చిన్నో నీకెరుకే గద. లోపటికి కాలు పోదు. నేను ఇయ్యలేక, ఇచ్చేటోళ్లను ఎతికిచ్చే తలుపు చేసిన. గా బుగులు లేకుంటే ఈ తలుపే లేదు." కుర్చీలకెళ్లి లేసి, "నడువు," అన్నడు.

బస్సుల ఆయన ఊపిరి నాకు వినపడుతున్నది. గేటు కాడ ఆగిండు. ఛాయ్ కొట్టాయన అలవాటుగ గిలాస పట్టుకొచ్చిండు, వద్దని చేయి ఊపిండు. లోపటికి పోంగనే మొఖమంత చెమట. సిస్టర్ సూది పట్టుకొని దగ్గరికొస్తే నా చెయ్యి పట్టుకున్నడు. నా ఎముకలు పటపటమన్నయ్. "సిస్టరమ్మా, నేను మూడు అన్నంక," అన్నడు. లెక్కబెట్టిండు. రెండుకాడ జర ఎక్కువసేపు ఆగిండు, ఆమె గూడ ఆగింది. మూడు అన్నడు.

లేసినంక రెండడుగులేసి బల్ల మీద వాలిండు. మొఖాన నీళ్లు కొట్టినం. కండ్లు తెరిచి "అయిపాయెనా? గింతేనా?" అన్నడు. నాకు నవ్వు, ఏడుపు ఒక్కపారే వచ్చినయ్. పరీక్షలన్ని అయ్యి, సాయంత్రానికి ఆ రక్తం నా బిడ్డకు ఎక్కింది. బుగులన్న గోడకు ఒరిగి ఆ సంచిల నుంచి ఒక్కొక్క బొట్టు దిగుడు చూసుకుంట కూసున్నడు, ఆఖరి బొట్టు దాక. నా బిడ్డ చెవులు ఎర్రగైనయ్. "నాదే," అన్నడు నాతోని, నమ్మనట్టు.

పసుపు డబ్బి గూడ వచ్చింది. కార్డు బాగనే ఉన్నది, సోమారం దాక ఉన్న పేర్లన్ని వాపసు వచ్చినయ్. కాటారం డ్రైవరన్న పేరు గూడ వచ్చింది. బుగులన్న కుర్చీ జరిపి నన్ను కూసోవెట్టిండు. "పేరు రాసి తియ్యి," అన్నడు. యాడి మాట చెప్పిన. ఇని, నవ్వలే. "ఆగి ఎనుకకు చూస్తే చూడనియ్యి. మంచి పనికే అని ఆయనకు తెలుస్తది. రాయి," అన్నడు. రాసిన. తర్వాత ఆయన పేరు ఆయనే ఎక్కిచ్చుకున్నడు, బి నెగటివ్ అని. అదేం లెక్కనో, అది పైన మొదలు వచ్చేటట్టు పెట్టుకున్నడు.

వారం దినాలు కూసొని సర్వర్‌ను మార్చిండు. ఇప్పుడు తీసెయ్ అని నొక్కితే ఎంబడే తియ్యదు. పేరు గడి కాలిగుంటే అసలే తియ్యదు. ఎంతమంది పోతున్నరో, ఎవరు పోతున్నరో రాసి, "గట్టిగ చదివినవా?" అని అడుగుతది. "నడుమ ఎవ్వరు ఉండద్దంటివి గదనే," అని ఎక్కిరిచ్చిన. "మనిషి ఉండద్దన్న చెల్లె. బుగులు ఉండద్దని ఎన్నడు అన్న?" అన్నడు. అటెన్క నాలుగు నెలలకొకపారి వచ్చి ఇచ్చేటోడు. ప్రతిసారి చెమట, ప్రతిసారి మూడు దాక లెక్క. బుగులు తక్కువ కాలే, కొంచెం గూడ.

మొన్న సోమారం పసుపు డబ్బి బస్సుల ఎయ్యకుంట తనే పట్టుకొని జనగామ పోయిండు. అక్కను చూసి రావాల్ననిపిచ్చిందట. అన్నం తిని కుర్చీల ఒరిగిండు, లేవలే. ఒక్కదానికి భయపడకుంట పోయినట్టున్నదని వాళ్లక్క చెప్పుకుంట ఏడ్సింది. నేను పోయినప్పుడు ఆ డబ్బి తెచ్చి నా చేతుల పెట్టింది. "ఇగ ఇది నీకే పంపాలె గావచ్చు," అన్నది. ఆ తలుపు తాళం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరనే ఉన్నది. నేనేమో ఒకపారి మొత్తం తుడిచినదాన్ని.

గందుకే ఈ ఆరు రోజులు ఆ పేజీ తెరవలే. దినాలు కాలేదని నాకు నేను చెప్పుకున్న. నిజానికి బుగులు. నేను గట్ల భయపడి కూసున్నందుకే నిన్న భూపాలపల్లి పిల్ల పదిసార్లు ఒక చచ్చిన ఫోన్‌కు చేసింది. రేపు ఇంకొకరు చేస్తరు. వాళ్లకు రెండో నంబరు చేసే టైం ఉండకపోతే?

ఇయ్యాల పొద్దుగాల తొర్రూరు వచ్చిన. మిరపకాయ బస్తాలు గట్లనే ఉన్నయ్. చీర ముక్క తీసిన. ఆయన దస్తీ కుర్చీకి ఏలాడుతున్నది, అదే కట్టుకున్న. మా యాడి మాట యాదికున్నది, గందుకే ఆయన పేరు నేను రాస్తున్న ఈ కాయితం మీద ఒక్కకాడ గూడ రాయలే. కని డబ్బల ఆ పేరు గడిల రాసిన. తప్పు లేకుంట, ఇంటి పేరుతో సహా. వేలు పెట్టి గట్టిగ చదివిన. కింద దుకాణంల ఎవ్వరు నవ్వలే.

"ఒక్కరు పోతున్నరు. గట్టిగ చదివినవా?" అని డబ్బ అడిగింది.

"చదివిన అన్నా," అన్న.

చేతులు జాకిటికి తుడుసుకున్న. రెండుకాడ నేను గూడ జర ఆగిన. మూడు అని, కండ్లు మూసుకొని, కొట్టిన.

కండ్లు తెరవాల్నంటే ఎంత బుగులైందో. తెరిచి చూసిన. ఆయన లేడు. మిగిలినోళ్లందరు ఉన్నరు.